సామాన్యురాలి గది

నా ఉద్యోగం ఏమిటో చెబితే ఎవరూ నమ్మరు. మొదట్లో మా ఆయనే నమ్మలేదు. నేను ఒక కంపెనీలో సామాన్యురాలిని. గుమాస్తాను కాను, ఎవరి కిందా పనిచేయను, ఎవరికీ టీ అందించను. పొద్దున వెళ్ళి సామాన్యంగా కూర్చుంటాను, సాయంత్రం లేచి వస్తాను.

"దానికి కూడా జీతమిస్తారా? నేను ఇన్నాళ్ళూ ఉత్తపుణ్యానికి చేస్తున్నానే!" అన్నారు మా ఆయన. ఆయన లిఫ్టులు బాగుచేస్తారు.

మా కంపెనీ బ్రౌజర్ తయారుచేస్తుంది. ఫోన్లోనో కంప్యూటర్లోనో ఏదైనా వెతకాలంటే తెరుస్తారు చూడండి, ఆ కిటికీ. దాన్ని ఊరికే ఇస్తారు. ఊరికే ఎందుకిస్తున్నారని ఎవరూ అడగరు, నేనూ అడగలేదు. మనం ఏం చూశాం, ఎంతసేపు చూశాం, చెప్పుల బొమ్మ దగ్గర వేలు ఎందుకు ఆగింది, అన్నీ అవతల రాసుకుంటారు. అలా రాసుకుంటామని ముందే చెప్పి ఒప్పించాలని చట్టం ఉంది. అందుకే కిటికీ తెరవగానే బారెడు ప్రకటన వస్తుంది, కింద ‘ఒప్పుకుంటున్నాను’ అని బొత్తాం ఉంటుంది. మీరు బొత్తాం నొక్కుతారు. పైన ఏం రాశారో మీకు తెలియదు. నాకు తెలుసు. ఈ భూమ్మీద దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివేది నేనొక్కదాన్నే.

ఎందుకంటే ఆ ప్రకటన సామాన్యులకి అర్థమయ్యేలా ఉండాలని కూడా చట్టంలో ఉంది. అర్థమవుతుందో లేదో తేల్చే పద్ధతి కూడా అదే చెప్పింది. లా చదవని, కంప్యూటర్ చదువు లేని ఒక మనిషిని తలుపు మూసిన గదిలో ఒంటరిగా కూర్చోబెట్టి చదివించాలి. చదువుతున్నంతసేపూ ఎవరూ గమనించకూడదు. తర్వాత ఆ మనిషి ‘అర్థమైంది’ అని, ఏం అర్థమైందో సొంతమాటల్లో చెప్పాలి. అప్పుడు ఆ ప్రకటన లోకానికంతటికీ అర్థమైనట్టే లెక్క.

చట్టం చేసినవాళ్ళ ఉద్దేశం మంచిదే. కానీ తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉండనే ఉంటాడు. మా కంపెనీ పెద్ద లాయరు ఆ తలదన్నేవాడు. ఒకే మనిషి చేత ఎన్ని ప్రకటనలు చదివించవచ్చో చట్టంలో ఎక్కడా లేదని ఆయన కనిపెట్టాడు. ఇంకేం, నన్ను నెలజీతానికి పెట్టుకున్నారు. మొదటి ప్రకటన నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. దాన్ని పాపం తిరగరాశారు. రెండో ఏడు వచ్చేసరికి నాకు సగం అర్థమైంది. ఇప్పుడు వాళ్ళు ఎంత కొరకరాని కొయ్యలాంటి వాక్యం రాసినా నేను నమిలి మింగేస్తాను. కాగితంమీద మాత్రం సామాన్యురాలినే.

నా గది గురించి చెప్పాలి. మూడో అంతస్తులో, జిరాక్స్ మెషిన్ పక్కన. ఒక బల్ల, ఒక కుర్చీ, చిన్న కిటికీ. అందులోంచి ఎదురు మేడమీద ఆరేసిన దుప్పట్లు కనిపిస్తాయి. తలుపుకి లోపలినుంచి గడియ ఉంది. అందరూ ఏం చూస్తున్నారో చూసే ఆ కంపెనీలో కెమెరా లేని చోట్లు రెండే, ఒకటి మరుగుదొడ్డి, రెండోది నా గది. ప్రకటన చదవడం నాకు ఒక పూట పని. మిగతా పూటంతా నేనేం చేస్తానో ఎవరికీ తెలియదు. మీకు చెబుతాను: ఏమీ చేయను. చెప్పులు విప్పి, కాళ్ళు బల్లమీద చాపుకుని, దుప్పట్లు ఎండుతుంటే చూస్తాను. ఒకసారి పాట పాడుకున్నాను. ఘోరంగా వచ్చింది. ఎవరూ వినలేదు కదాని మళ్ళీ పాడుకున్నాను.

మా ఇంట్లో అయితే అది కుదిరే పని కాదు. ఒక హాలు, ఒక పడగ్గది, ఒక వంటగది. ఐదుగురం. పడగ్గదికి తలుపు ఉంది గానీ, దాన్ని మూసినట్టు ఎవరికీ గుర్తులేదు. ఇస్త్రీపెట్టె అందులోనే, బీరువా అందులోనే, పిల్లల పుస్తకాలు, మా ఆయన స్పానర్ల సంచీ అన్నీ అందులోనే. నేను ఆ తలుపు దగ్గరికి వేస్తే చాలు, మరుక్షణం అందరికీ లోపలే పని పడుతుంది. స్నానం చేస్తుంటే కూడా స్నానాలగది తలుపుకి నోరు ఆనించి "అమ్మా, నా రెండో సాక్సు ఏదీ?" అని అడుగుతారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను ఒంటరిగా ఉన్నదంటూ ఉంటే అది ఆ ఆఫీసు గదిలోనే. ఉద్యోగం పోతే జీతం పోతుందని అందరికీ భయం. నాకు గది పోతుందని భయం.

మా అత్తగారికి కూడా ఒక గది ఉంది. అది టాబ్లెట్లో ఉంది. మా బ్రౌజర్లోనే ‘రహస్య కిటికీ’ అని ఒకటుంది. దాన్ని తెరిస్తే తెర నల్లగా మారి, మూలన తాళంకప్ప బొమ్మ వస్తుంది. అందులో చూసినవి టాబ్లెట్లో ఎక్కడా మిగలవు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ హాల్లో మూలనున్న కుర్చీని గోడవైపు తిప్పుకుని, అక్షరాలు గుమ్మడికాయలంత చేసుకుని, ఆ కిటికీ తెరిచి కూర్చుంటారు. వెనకనుంచి ఎవరి అడుగు వినపడినా టాబ్లెట్ ఒళ్ళో బోర్లా పడుతుంది. ఆవిడ కుస్తీ పోటీలు చూస్తారని మావాడి అనుమానం. జూదమాడుతున్నారని అమ్మాయి అనుమానం. మా ఆయన ఒకసారి అడిగేశారు కూడా. "నీ చిన్నప్పుడు నువ్వు దాచుకున్నవన్నీ నేను అడిగానా?" అని ఆవిడ అనేసరికి ఆయన ముఖం కందగడ్డలా అయింది, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నేను ఎప్పుడూ అడగలేదు. గది విలువ తెలిసినదాన్ని.

ఆవిడ పూర్వం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ప్లగ్గులు గుచ్చి ఒకరి లైను ఒకరికి కలిపే రోజుల మాట. ఎవరి కాపురం ఎలా ఉందో, ఎవరి అల్లుడు ఏం మింగాడో అన్నీ ఆవిడ చెవిలోంచే వెళ్ళేవి. "వినకూడదనే ఉద్దేశమమ్మా. కానీ మరీ చెవిలోనే మాట్లాడితే ఏం చేస్తాం? విన్నది ఒక్కటి కూడా నా నోటెంట బయటికి రాలేదు. అదీ నా సర్వీసు" అని గొప్పగా చెబుతారు. నిజమే. ఆవిడ నోట ఒక్క కబురు రాబట్టిన మగాడు లేడు, ఆడదీ లేదు.

ఇలా ఎవరి గదిలో వాళ్ళం చల్లగా ఉండగా, ఈ ఏడాది ప్రభుత్వం కొత్త నిబంధన తెచ్చింది. ఇకమీదట సామాన్యురాలు చెప్పిన సొంతమాటల్ని, ఉన్నవి ఉన్నట్టుగా, ‘ఒప్పుకుంటున్నాను’ బొత్తానికి పైన పెద్ద అక్షరాలతో వేయాలట. ఆ మాటలు ప్రభుత్వం పంపిన పరీక్షాధికారి ముందు చెప్పాలట. చెప్పే మనిషి అసలు సామాన్యురాలేనా అని కూడా ఆ అధికారే తేల్చాలట.

పెద్ద లాయరు నా తలుపు తట్టి లోపలికి వచ్చాడు. అప్పటిదాకా తట్టే వచ్చేవాడు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆయన ముఖంలో ఎప్పుడూ ఒక నవ్వు ఉంటుంది. ఆయన రాసే ప్రకటనల్లాగే దానికీ అర్థం వెతికితే దొరకదు.

"ఇదిగోనమ్మా, మీ సొంతమాటలు. కంఠతా పట్టండి" అంటూ ఒక చీటీ ఇచ్చాడు.

అందులో రెండు వాక్యాలున్నాయి. ‘రహస్య కిటికీలో నా విషయాలు నాతోనే ఉంటాయి. నాకు పనికొచ్చేవి నన్ను వెతుక్కుంటూ వస్తాయి.’

"రహస్య కిటికీయా?" అన్నాను.

"ఈసారి ప్రకటన దాని గురించేనమ్మా."

ప్రకటన అక్కడే తిరగేశాను. నమిలి మింగగలిగినదాన్ని కదా, క్షణంలో విషయం తెలిసిపోయింది. మనిషిని గుర్తుపట్టకూడదని చట్టం. అందుకని మనిషిని వదిలేసి, చుట్టూ ఉన్నదాన్ని గుర్తుపడతారు. తెర ఎంత వెడల్పు, అక్షరాలు ఎంత పెద్దవి, వేలు ఎంత నెమ్మదిగా జరుగుతుంది, ఏ పూట తెరుస్తారు, చార్జింగ్ ఎంత ఉంది, టాబ్లెట్ ఎంత వాలి ఉంది. ఇవన్నీ కలిపితే లోకంలో అలాంటి మనిషి ఒక్కరే తేలతారు. ఆ ఒక్కరికీ ఒక నంబరు పెడతారు. ఆ నంబరు మనిషి రహస్య కిటికీలో ఏమేం వెతికిందో ‘భాగస్వాములు’ అనే పదిమందికి అమ్ముతారు. గోడవైపు తిరిగి కూర్చున్న మా అత్తగారి వేలి వణుకు దగ్గర్నుంచీ వీళ్ళకి తెలుసన్నమాట. పేరు మాత్రం అడగరు. పేరు అడగలేదు కాబట్టి మర్యాదస్తులు.

"నాతోనే ఉంటాయని చెప్పడం అబద్ధం కదండీ?" అన్నాను.

"అబద్ధం ఎలా అవుతుందమ్మా? మీతోనే ఉంటాయి. మా దగ్గర కూడా ఉంటాయి. ఆ రెండో ముక్క మనం అనట్లేదు, అంతే." నవ్వాడు. "ఇది గట్టెక్కితే మీ గదికి ఫ్యాను కూడా పెట్టిస్తాను."

నేను ఆలోచించానని చెబితే మీరు మెచ్చుకుంటారు. ఆలోచించలేదు. అత్తగారి గది పోతే పోయింది, నా గది దక్కితే చాలనుకున్నాను. సిగ్గనిపించింది. అయినా ఆ రెండు వాక్యాలూ బస్సులో వల్లెవేసుకుంటూ ఇంటికి వెళ్ళాను.

పరీక్ష ఇంకా వారం ఉందనగా లాయరు నాకు సామాన్యంగా ఉండటం నేర్పడం మొదలుపెట్టాడు. "మీరు మరీ చురుగ్గా ఉన్నారమ్మా. అడగ్గానే జవాబు చెప్పేయొద్దు. ముందు కాస్త పైకి చూడండి."

"పైన ఏముంటుంది?"

"ఏమీ ఉండదు. సామాన్యులు అలాగే చూస్తారు."

ఇంట్లో అభ్యాసం చేస్తుంటే మా ఆయన పెదవి విరిచారు. "నువ్వు సామాన్యురాలివేంటి? సబ్బు అట్టపెట్టె వెనకున్నది మొత్తం చదివితే గానీ సబ్బు బయటికి తీయవు. మొన్న నేను బాగుచేసిన లిఫ్టెక్కి, బోర్డు చదివి, లెక్క ఎక్కువైందని ఇద్దర్ని దింపేశావు. అందులో ఒకాయన ఆ బిల్డింగు ఓనరు. వచ్చే అధికారి నిన్ను ఇట్టే పట్టేస్తారు."

పట్టేస్తే గది పోతుంది. ఆ వారమంతా అన్నం సయించలేదు.

పరీక్షాధికారి ఒక పొడుగాటి ఆవిడ. చంకలో ఫ్లాస్కు, ముక్కుమీద జారిపోయే కళ్ళజోడు. ఎందరో సామాన్యుల్ని చూసి విసిగిపోయిన ముఖం. మీటింగ్ రూములో నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. పెద్ద లాయరు గోడవారగా నిలబడ్డాడు.

"ఏం చదువుకున్నారు?"

పైకి చూశాను. "పది. తర్వాత టైపు."

"ఇంట్లో ఎవరెవరు ఉంటారు?"

పైకి చూశాను. "ఆయన, పిల్లలిద్దరు, అత్తయ్య."

"మెడ నొప్పా అమ్మా?"

"కాదండీ, మామూలే."

ఆవిడ ఏదో రాసుకుంది. లాయరు ఇక పైకి చూడొద్దని సైగ చేశాడు. ఆ సైగ కూడా ఆవిడ రాసుకుంది. తర్వాత ప్రకటన నా చేతికిచ్చి, "గదిలోకి వెళ్ళి చదువుకుని రండి. తొందరేం లేదు" అంటూ ఫ్లాస్కు మూత తిప్పింది.

గదిలోకి వెళ్ళి గడియ వేయబోతుంటే లాయరు వెనకాలే వచ్చాడు. "ఇవాళ గడియ వద్దమ్మా. లోపలేదో నడుస్తోందని ఆవిడకి అనుమానం రావచ్చు."

సరే అన్నాను. ప్రకటన చదవడం మొదలుపెట్టాను. చదవనక్కర్లేదు, కానీ అలవాటు. మొదటి పేజీ తిప్పేలోగా తలుపు తెరుచుకుంది. తట్టలేదు. "అయిందా?" కాలేదన్నాను. మూడో పేజీలో ఉండగా మళ్ళీ తెరుచుకుంది. తట్టలేదు. అడగని మంచినీళ్ళ గ్లాసు తెచ్చిపెట్టాడు. మంచినీళ్ళు ఇచ్చినవాణ్ణి ఏమంటాం? పళ్ళు బిగబట్టుకున్నాను. చదవడం అయిపోయింది. గుండె దడ తగ్గితే గానీ బయటికి వెళ్ళకూడదనుకుని, చెప్పులు విప్పి కాళ్ళు బల్లమీద చాపాను. దుప్పట్లకేసి చూస్తూ నా రెండు వాక్యాలూ అనుకుంటున్నాను.

తలుపు మూడోసారి తెరుచుకుంది. ఈసారి తల ఒక్కటే లోపలికి వచ్చింది. "గుర్తున్నాయి కదా..." అంటూ నా కాళ్ళు చూసింది. చెప్పులు చూసింది. నా మడమల పగుళ్ళు కూడా చూసింది.

"ఓహో! ఇన్నేళ్ళూ మీరు లోపల చేస్తున్నది ఇదన్నమాట!" అని నవ్వాడు. ఈసారి ఆ నవ్వుకి అర్థం ఉంది.

నాకు అరికాలిమంట నెత్తికెక్కింది. అవమానమో కోపమో తెలియదు, చెవులు వేడెక్కిపోయాయి. నేను చేస్తున్నది తప్పు కాదు. అయినా ఎవరో చూశారు. అంతే, ఆ గది ఇక నాది కాదు. ఇన్నేళ్ళు ఎవరికీ తెలియని నా ఖాళీ కాస్తా ఆయన నోట్లో నవ్వయి కూర్చుంది.

చెప్పులు వేసుకుని మీటింగ్ రూముకి వెళ్ళాను.

"అర్థమైందా?" అంది అధికారి.

"అయిందండీ."

"ఏం అర్థమైందో మీ సొంతమాటల్లో చెప్పండి."

కంఠతా పట్టినవే చెబుదామని నోరు తెరిచాను. ఒట్టు, అదే చెబుదామనుకున్నాను. కానీ ఎదురుగా గోడవారన ఆయన నిలబడి నా పాదాలకేసి చూసి మళ్ళీ నవ్వాడు.

"గది ఇస్తామంటారండీ" అన్నాను. "తలుపు కూడా ఇస్తారు. లోపలికెళ్ళి తలుపేసుకున్నాక తెలుస్తుంది, గడియ వాళ్ళ వైపు ఉందని. ఎప్పుడు పడితే అప్పుడు తీసి చూస్తారు. మనం కాళ్ళెక్కడ పెట్టుకున్నామో కూడా రాసుకుని పదిమందికి అమ్ముకుంటారు. పేరు మాత్రం అడగరు. పేరడగలేదు కాబట్టి చూడనట్టే లెక్క అంటారు."

అధికారి అక్షరం పొల్లు పోకుండా రాసుకుంది. కళ్ళజోడు పైకి తోసుకుని, "కాళ్ళ సంగతి ఇందులో ఎక్కడుంది?" అంది.

"పదకొండో పేరా చూడండి. ‘పరికరం ఉన్న భంగిమ’ అని ఉంటుంది. ఒళ్ళో పెట్టుకున్నామా, పడుకుని చూస్తున్నామా, అన్నీ దాంతోనే తెలుస్తాయి."

ఆవిడ పేజీలు తిప్పి, చూసి, తల ఊపింది. "ఇవే బొత్తాం మీద వేయాలి."

లాయరు గోడ వదిలి ముందుకు దూకాడు. "కుదరదు మేడమ్! ఈమె అసలు సామాన్యురాలే కాదు!"

"ఇప్పటిదాకా మీరే కదా అవునని రాసిచ్చారు?"

"పొరపాటైంది. ఈమె అసాధ్యురాలు. పదకొండో పేరా సంగతి మా ఇంజనీర్లకే తెలియదు. ఎంత కష్టమైన వాక్యమైనా చిటికెలో పట్టేస్తుంది. ఇలాంటి తెలివి నేను నా సర్వీసులో చూడలేదు!"

ఇన్నేళ్ళలో ఆ మనిషి నన్ను ఒక్కసారి మెచ్చుకున్న పాపాన పోలేదు. మెచ్చుకునేది కూడా నా గది ఊడబెరకడానికే. కోపంతో నాకు ఒళ్ళు తెలియలేదు.

"ఎవరండీ తెలివైనది? నేనా?" అని లేచాను. "నేను సామాన్యురాలినే! కావాలంటే మా ఇంట్లో అడగండి! మా పిల్లల లెక్కలు నాకు రావు! టీవీ రిమోట్లో మూడు బొత్తాలు దేనికో ఇప్పటికీ తెలియదు!"

"చూశారా మేడమ్, ఎంత చక్కగా వాదిస్తోందో!" అన్నాడాయన.

అధికారి ఫ్లాస్కు మూతలో టీ పోసుకుని, ఊది, ఒక గుక్క తాగింది. "సరే. ఈవిడ సామాన్యురాలు కాదంటారు. అలాగే రాస్తాను. అప్పుడు ఈవిడ చదివి సరేనన్న పాత ప్రకటనలు ఏవీ చెల్లవు. ఆ బొత్తాలు నొక్కినవాళ్ళెవరూ ఒప్పుకోనట్టే. ఇన్నేళ్ళూ మీరు పోగుచేసినదంతా చెరిపేయాల్సి ఉంటుంది. రాయమంటారా?"

ఆయన ముఖంమీది నవ్వు రాలిపోవడం నేను మొదటిసారి చూశాను. నా వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు, చివరికి పైకి చూశాడు.

"సామాన్యురాలేనండీ" అన్నాడు.

"అదే కదా నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది" అన్నాను.

గెలిచానని గంతులేసుకుంటూ ఇంటికి వెళ్ళాననుకోకండి. మర్నాడే నా బల్లమీద కాగితం ఉంది. ఉద్యోగం నుంచి తీసేస్తే కక్షసాధింపు కిందికి వస్తుంది, దానికి వేరే చట్టం ఉంది. కూర్చునే చోటు మార్చకూడదని మాత్రం ఏ చట్టంలోనూ లేదు. నన్ను ఫిర్యాదుల విభాగానికి వేశారు. అదొక పొడుగాటి హాలు. వరసగా కుర్చీలు, ఒక్క కుర్చీ వెనక కూడా గోడ లేదు. ప్రతి వరస మీదా ఒక కెమెరా. మరుగుదొడ్డికి లేస్తే ఎదురుగా తెరమీద గడియారం తిరగడం మొదలవుతుంది. నా గదిలోకి కొత్త సామాన్యుడు వచ్చాడు. కాగితం బల్లమీద పెట్టకముందే అర్థమైందనే రకం. మనిషి మంచివాడే. ‘బల్ల ఎత్తు కాళ్ళు పెట్టుకోడానికి బాగుందండీ’ అన్నాడు. ఆ రోజంతా అతనిమీద నాకు పీకల్దాకా అసూయ.

ఇంట్లో ఏమీ చెప్పలేదు. చెబితే ‘జీతం అంతే ఇస్తారు కదా?’ అంటారని తెలుసు. పొద్దున వెళ్ళేదాన్ని, హాల్లో అందరి మధ్యా కూర్చునేదాన్ని, సాయంత్రం వచ్చి హాల్లో అందరి మధ్యా కూర్చునేదాన్ని. నా మాటలు బొత్తాం మీదికి వస్తాయి, కోట్లమంది చదువుతారు, ఆ ఒక్క ఊహతో రోజులు నెట్టుకొచ్చాను.

సెలవురోజు మధ్యాహ్నం, భోజనాలయ్యాయి. మా ఆయన పడగ్గదిలో స్పానర్లకి నూనె రాస్తున్నారు. పిల్లలు ఆయన పక్కనే కొట్టుకుంటున్నారు. మా అత్తగారు కుర్చీ గోడవైపు తిప్పుకుని టాబ్లెట్ తెరిచారు. నేను బట్టలు మడతపెడుతున్నాను.

"ఇదేమిటో అడ్డమొచ్చిందమ్మాయ్. ఇంతింత అక్షరాలు" అన్నారావిడ.

చొక్కా వదిలేసి పరుగెత్తాను. నేను వెళ్ళేసరికి ఆవిడ వేలు ‘ఒప్పుకుంటున్నాను’ మీద పడింది. ఆ అక్షరాలున్న పెట్టె మాయమైంది.

"చదవకుండా నొక్కేశారా!" అని అరిచాను.

"ఏదో అడిగింది, ఊఁ అన్నాను. అవన్నీ ఎవరు చదువుతారమ్మా?"

"అవి నా మాటలు అత్తయ్యా! నేను చెప్పినవి! వాటి మూలంగానే నా గది పోయింది!" అని, అక్కడే నేలమీద కూలబడి, భోరున ఏడ్చేశాను.

పిల్లల గొడవ టక్కున ఆగింది. మా ఆయన నూనెచేతులతో బయటికి వచ్చారు. ఏడుస్తూనే జరిగిందంతా చెప్పాను. కంఠతా పట్టిన వాక్యాలు, మూడుసార్లు తెరుచుకున్న తలుపు, కాళ్ళు, హాలు, గడియారం.

"గదే కదా పోయింది? జీతం అంతే ఇస్తారా?" అన్నారు మా ఆయన.

"నువ్వు నోరు మూసుకోరా" అన్నారు అత్తగారు. తర్వాత నాతో, "ఆ మాటలేమిటో చెప్పు" అన్నారు.

చెప్పాను. గది, తలుపు, గడియ, పదిమందికి అమ్మడం. ఆవిడ కళ్ళార్పకుండా విన్నారు. వింటున్నకొద్దీ ముఖం పాలిపోయింది.

"అంటే ఈ నల్లకిటికీలో నేను వెతికినవి వాళ్ళకి తెలుసా?"

"తెలుసు అత్తయ్యా."

"పేర్లు కూడానా?"

"మీ పేరు అడగరు. మీరు ఎవరి పేర్లు వెతికితే అవి తెలుస్తాయి."

ఆవిడ టాబ్లెట్ ఒళ్ళో బోర్లా పెట్టారు. తర్వాత ఎవరూ అడగకుండానే చెప్పారు. "ఎక్స్ఛేంజిలో ఉండగా ఇద్దరుండేవాళ్ళు. ఒకాయన, ఒకావిడ. వాళ్ళ లైను రోజూ నేనే కలిపేదాన్ని. పెళ్ళి చేసుకుందామా, వద్దా అని ఏడాది పొడుగునా మాట్లాడుకున్నారు. ఏ సంగతీ రేపు తేల్చి చెబుతానందావిడ. ఆ రేపు నాకు సెలవు."

"మరి తర్వాత?" అన్నారు మా ఆయన, నూనె కారిపోతున్న సంగతి మరిచిపోయి.

"తర్వాత వాళ్ళు మళ్ళీ ఫోన్ చేసుకోలేదు. కలిసిపోయి మానేశారో, విడిపోయి మానేశారో! అప్పట్నుంచీ మనసు పీకుతూనే ఉందిరా. అందుకే ఇందులో వాళ్ళ పేర్లు పెట్టి వెతుకుతున్నాను. దొరకలేదు." ఆవిడ టాబ్లెట్‌ని పక్కకి తోశారు. "అన్నీ విన్నాను గానీ ఆ పేర్లు మీ నాన్నకి కూడా చెప్పలేదు. ఇప్పుడు నా చేత్తోనే పదిమందికీ చెప్పేశాను."

ఆవిడ గది పోతే పోయిందనుకున్నదాన్ని కదా, తలెత్తి ముఖం చూడలేకపోయాను. ఆవిడ చేయి పట్టుకున్నాను. ఆవిడ నా చేయి విదిలించుకుని లేచారు. కోపమేమోనని భయపడ్డాను. పడగ్గది గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు.

"ఒరేయ్, నీ స్పానర్లు బయటికి తీయి. పిల్లలూ, మీ పుస్తకాలు తీయండి. ఇస్త్రీపెట్టె కూడా."

"ఎందుకమ్మా?"

"రోజూ ఒక గంట ఈ గది దానిది. దానికేం కావాలో అది చేసుకుంటుంది. ఎవరికి ఏం కావాలన్నా ముందే తీసుకోండి, తర్వాత ఇల్లు తగలబడినా తలుపు తీయనివ్వను."

మూలకుర్చీని ఈడ్చుకొచ్చి గుమ్మానికి అడ్డంగా, ముఖం హాలువైపు ఉండేలా వేసుకున్నారు. నేను కదలకపోతే భుజం పట్టి లోపలికి తోశారు. తలుపు మూసుకుంది. మంచంమీద కూర్చున్నాను. ఏం చేయాలో తెలియలేదు. చదవడానికి కాగితం లేదు, చూడటానికి దుప్పట్లు లేవు. నా ఊపిరి నాకు వినిపించింది. మళ్ళీ ఏడుపు వచ్చింది, కానీ ఇది వేరు. తుడుచుకోవాల్సిన తొందర లేదు.

బయటినుంచి మావాడి గొంతు.

"నానమ్మా, అమ్మ లోపల ఏం చేస్తోంది?"

"నాకు తెలియదు."

"అడుగు మరి."

"అడగను" అన్నారు మా అత్తగారు.